గులాబీ షెడ్డు ముందు సాక్ష్యం

ముడిమ్యాల,
27 జనవరి 2025

నువ్వు దొంగవు.

పైసలు కాదు, పూలు కాదు, అంతకంటే పెద్దది దొంగిలించావు. మన బాపు దయానందం ఇంట్లో ప్రార్థనకు కూడినప్పుడు చాప మీద జరిగే సాక్ష్యాన్ని ఎత్తుకుపోయి మొయినాబాద్‌లో గులాబీల కంపెనీకి అమ్ముకున్నావు. జనరల్ మేనేజర్ ప్రేమ్‌చంద్, రాస్తున్నది నీ అక్క లిదియా. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. కాగితానికి మీటింగులు లేవు. అందుకే నీ ఆఫీసు అడ్రసుకే రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను.

జరిగింది ముందు నా నోటితో చెబుతాను. నీకు తెలియదని కాదు. దానికి నీ దగ్గర వేరే పేర్లున్నాయి కాబట్టి.

ప్రతి సోమవారం పొద్దున కంపెనీ వ్యాన్ మా ఊరి ఆడవాళ్లను దింపగానే షెడ్డు ముందు గుండ్రంగా నిలబెడతావు. ఒక్కొక్కరు ముందుకొచ్చి పోయిన వారం చేసిన తప్పొకటి, నేర్చుకున్నదొకటి చెప్పాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. దీనికి నువ్వు పెట్టిన పేరు సాక్ష్యం. మా వాళ్లు నమ్మారు. ఎందుకు నమ్మరు? ఆదివారం చర్చిలో లేచి నిలబడి, పడ్డదీ లేచిందీ నలుగురికీ చెప్పుకుని, అందరూ ఆమెన్ అంటే కళ్లు తుడుచుకుని కూర్చునే మనుషులు వాళ్లు. చర్చి గడప తొక్కని జంగమ్మ లాంటివాళ్లు కూడా పక్కవాళ్లను చూసి నేర్చుకున్నారు.

మన ఇంటి వెనక కృప నీకు కొత్త కాదు. ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే. ఇద్దరు పిల్లలు. భర్త శంకర్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో హమాలీ, పని దొరికిన నాడే కూలి. ఆ పొయ్యి వెలిగేది కృప జీతంతోనే. పోయిన సోమవారం ఆమె నీ గుండ్రంలో ముందుకొచ్చి ఏమన్నది?

"పురుగుల మందు కొట్టినంక ఆరకముందే షెడ్డులకు పోయిన. కండ్లు తిరిగి పడిపోయిన. భయమై ఎవ్వరికి చెప్పలే. దేవుడే నన్ను లేపిండు."

చర్చిలో అయితే ఈ మాటకు ఆమెన్ అంటారు, ఆ తర్వాత ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి ఎట్లున్నవే అని అడుగుతారు. నీ దగ్గర చప్పట్లు కొట్టారు. మంగళవారం వ్యాన్ ఆమె ఇంటి ముందు ఆగలేదు. ఆమె ఒంటికి షెడ్డు పని పడదని ఆఫీసు చెప్పిందట.

ఆరకముందే ఆమెను లోపలికి ఎవరు పంపారని ఎవరూ అడగలేదు. పడటం ఆమె తప్పు అయింది. పంపడం ఎవరి తప్పూ కాలేదు.

కృపను పనిలోకి తీసుకో. ఇప్పటికి ఇంతే.

లిదియా,
అంగన్‌వాడీ టీచర్


మొయినాబాద్,
31 జనవరి 2025

ప్రభువునందు ప్రియమైన అక్కకు తమ్ముడు ప్రేమ్‌చంద్ వందనాలు.

బాపు పోయాక ఇక్కడ నా దగ్గరే ఉంటున్న మన అవ్వ బాగానే ఉంది. మోకాళ్లు పట్టేస్తున్నా మేడ మెట్లు దిగి కింది ఫ్లాట్‌వాళ్లకు బైబిల్ చదివి వస్తోంది. నీ ఉత్తరం అందింది. రిసెప్షన్‌లో అమ్మాయి సంతకం పెట్టి తీసుకుని, "సార్, మీ సొంత అక్కనా?" అని అడిగింది. ఇకనుంచి ఇంటికి పంపు, దండం పెడతాను.

అక్కా, నీ కోపం కృప గురించి కాదని నాకు తెలుసు. మన చర్చిలో కోత పండుగ నాడు పాస్టర్ గారు నన్ను ముఖ్య అతిథిగా ముందు కూర్చోబెట్టారు. సంఘానికి ఇన్నేళ్లు చాకిరీ చేసిన నువ్వు వెనక బెంచీలో ఉన్నావు. నీ ముఖం అప్పుడే చూశాను. ఆ కుర్చీ నేను అడిగి వేయించుకున్నది కాదు. వచ్చే కోత పండుగకు నీకే శాలువా కప్పేటట్టు మాట్లాడతాను.

ఇక సాక్ష్యం సంగతి. నేను చేరినప్పుడు ఈ కంపెనీలో ఆడవాళ్లు నెల తిరగకముందే మానేసేవారు. బెంగుళూరు ట్రైనింగ్‌లో లీడర్‌షిప్ గురించి రెండు రోజులు చెప్పారు. పనివాళ్ల మనసు పనిలో ఉండాలంటే వాళ్ల మాట పైవాళ్లు వినాలన్నారు. ఎట్లా వినాలో ఎవరికీ తెలియదు, అందరూ స్లైడ్లు చూపించారు. నాకు బాపు గుర్తొచ్చాడు. చదువు లేనివాళ్లు కూడా ఆయన ముందు చాప మీద కూర్చుని ఎంత నిర్భయంగా మాట్లాడేవారు! అది తెచ్చి ఇక్కడ పెట్టాను. ఇప్పుడు మానేసేవాళ్లు తగ్గారు. జెర్బెరా పూల షెడ్డులో బకెట్లు చాలడం లేదని సాక్ష్యంలోనే బయటపడింది, మర్నాడే కొనిపించాను. ఇది దొంగతనమా? బాపు ఉంటే సంతోషించేవాడు.

కృపను తీసేయలేదు. విశ్రాంతి ఇచ్చాం. ఆమెకు అంత ఇబ్బందిగా ఉంటే మా ఇంటికి వంటకు రమ్మను, అవ్వకు తోడుగా ఉంటుంది. జీతం నేనే ఇస్తాను.

ఇప్పుడు ప్రేమికుల రోజు ఆర్డర్లతో ఊపిరి ఆడటం లేదు. ఆ వెంటనే 17న, సోమవారం, మంచి పనిచోటు అవార్డు కోసం జ్యూరీ వస్తోంది. మన సాక్ష్యాన్ని కళ్లారా చూడటానికే వస్తున్నారు. అదయ్యాక నీ దగ్గరికొచ్చి తీరిగ్గా కూర్చుంటాను.

నీ తమ్ముడు,
ప్రేమ్‌చంద్


ముడిమ్యాల,
4 ఫిబ్రవరి 2025

జనరల్ మేనేజర్ గారికి,

ఇది కూడా ఆఫీసుకే. రిసెప్షన్ అమ్మాయితో చెప్పు, సొంత అక్కనే.

కుర్చీ కోసం ఏడుస్తున్నానా నేను? ఆడది కోపంగా ఒక న్యాయం అడిగితే, దాని వెనక ఏదో కుర్చీ, ఏదో చీర, ఏదో శాలువా ఉండి తీరాలి మీకు. మేము అంగన్‌వాడీ టీచర్లం సమ్మెలో కూర్చున్నప్పుడు కూడా ఒక ఆఫీసరు వచ్చి, మీ ఇళ్లల్లో ఏం కష్టాలమ్మా అని అడిగాడు. ఇళ్లల్లో కష్టాలున్నాయి, కానీ మేము కూర్చున్నది ఆయన ఆఫీసు ముందు.

బాపు సంతోషించేవాడన్నావు. బాపు ఏం చేసేవాడో నీకు గుర్తు లేదు, నేను చెబుతాను. పక్కింటి బాల్‌రాజ్ ఒకసారి చాప మీద ఏడుస్తూ, పటేల్ జామతోటలో గంప నింపుకుని అమ్ముకున్నానని సాక్ష్యం చెప్పాడు. రెండో రోజు తోట కావలివాడు మన ఇంటికొచ్చి బాపును అడిగాడు, వాడేమన్న ఒప్పుకున్నడా అని. బాపు మంచినీళ్లు ఇచ్చి పంపించాడు. ఆ తర్వాత మనిద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన మాట ఇది: "చాప మీద చెప్పింది చాప మీదనే ఉండాలె. గడప దాటిచ్చినవంటే అది సాక్ష్యం కాదురా, చాడీ."

బాపు చాప మీద ఎవరి కూలీ లేదు, ఎవరి హాజరూ లేదు. ఆయన ఎవరినీ పనిలోంచి తీసేయగల మనిషి కాడు, అందుకే ఆయన ముందు భయం లేదు. ఆ నిర్భయాన్ని మాత్రం నువ్వు తెచ్చుకుని, తీసేసే అధికారం నీ జేబులో ఉంచుకున్నావు. మనుషుల చేత బట్టలు విప్పించి చలిలో నిలబెట్టడం అంటే ఇదే. దీన్ని లీడర్‌షిప్ అని నేర్పే ట్రైనింగ్ బెంగుళూరులో ఉంటే ఉండనీ, ముడిమ్యాలలో దీనికున్న పేరు నేను కాగితం మీద రాయలేను.

బకెట్లు కొన్నావు, సంతోషం. బకెట్లు చాలవన్నామెకు బకెట్లు వచ్చాయి. మందు ఆరలేదన్నామెకు ఇంటి దారి వచ్చింది. నీ కంపెనీ చెవి చవకైన మాటలే వింటుంది ప్రేమ్‌చంద్. ఖర్చయ్యే మాట వినపడగానే ఆ చెప్పిన మనిషికి విశ్రాంతి కావాల్సి వస్తుంది.

వంట సంగతి కృపకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. చాటలో బియ్యం చెరుగుతున్నది ఆగిపోయి నన్ను చూసింది.

"నేను గులాబీలు కోసేదాన్ని అక్కా. సార్ ఇంట్ల గిన్నెలు తోముడు నాకు ఇనామా?"

జంగమ్మ పక్కనే ఉంది. మీ కంపెనీలో ఈ సోమవారం సాక్ష్యాన్ని ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ అంటారని ఆమె చెబితేనే తెలిసింది. "ఎంగేజ్‌మెంట్ అయితే చేసిన్రు గని పెండ్లి వేరేటోళ్లతోని చేస్కున్నరు" అని నవ్వింది. కృప నవ్వలేదు.

17న జ్యూరీ వస్తోందని నువ్వే చెప్పావు. మంచిది. ఆ లోపల కృప షెడ్డులో ఉండాలి.

లిదియా


మొయినాబాద్,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ రెండో ఉత్తరం నా చేతికి రాకముందే సెక్యూరిటీ వాళ్లు విప్పారు. పార్సిళ్లన్నీ విప్పమని కొత్త రూలు, దాంట్లో నీదీ పోయింది. మా యజమాని చదివాడు. అందరి ముందు నన్ను పిలిచి, మన లోపలి విషయాలు ఊళ్లోకి ఎవరు మోస్తున్నారు ప్రేమ్‌చంద్ అని అడిగాడు. పదిహేనేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అట్లా నిలబెట్టలేదు.

ఎవరు మోస్తున్నారో నాకు అర్థమైంది. నీ ఉత్తరంలో నువ్వే రాశావు, జంగమ్మ నీ పక్కనే కూర్చుని నవ్విందని. గుండ్రంలో కృప పక్కన నిలబడేది ఆమే. వ్యాన్‌లో ఆమే. నీ అంగన్‌వాడీ గుమ్మంలో ఆమే. ఆమెను గులాబీల నుంచి తీసి వెనక కంపోస్టు గుంతల దగ్గరికి మార్చాను. నువ్వు దీన్ని కూడా క్రూరత్వం అంటావు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోతే టీమ్ నడవదక్కా. బాపు చెప్పిన గడప మాటే ఇది. మోసింది ఆమె, నేను కాదు.

ఇంకో మాట. సూపర్‌వైజర్ పరమేష్ మీద ఊళ్లో ఏదేదో అంటున్నారట. ఆ పిల్లవాడిని ఏమనకండి. ఆ రోజు షెడ్డు తలుపు తీయించమని చెప్పింది నేనే. లారీ ఎయిర్‌పోర్టుకు పోవాలి, పూలు విచ్చుకుంటే ఆర్డరు మొత్తం పోతుంది. మందు వాసన కాస్త ఉంటుంది, ఎక్కడైనా ఉంటుంది. సీజన్‌లో అందరూ చేసేదే. నా మీద కూడా ఒకరున్నారు, ఆయన మీద బ్యాంకు ఉంది. నువ్వు ప్రపంచాన్ని దొరలు, కూలీలు అని రెండు ముక్కలుగా చూస్తావు. మధ్యలో నలిగేవాళ్లు నీకు కనపడరు.

17 దాకా ఊరుకో. బతిమాలుతున్నాను.

ప్రేమ్‌చంద్


పోస్టు కార్డు
ముడిమ్యాల, 13 ఫిబ్రవరి 2025

ప్రేమ్‌చంద్, మీ సెక్యూరిటీ వాళ్లకు కవరు చించే శ్రమ లేకుండా కార్డు రాస్తున్నాను.

జంగమ్మ నాకేమీ మోయలేదు. కృప సాక్ష్యాన్ని మీ కంపెనీయే వీడియో తీసింది. పాట పెట్టి, పూల బొమ్మలు అంటించి, "మా ధైర్యవంతులు" అని మీ పేజీలో పెట్టింది. నువ్వు దాన్ని నీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నావు. నేను చూసింది అక్కడే. ఊరు చూసింది అక్కడే. గడప దాటించింది నువ్వు. శిక్ష జంగమ్మకు.

తలుపు తీయించింది నువ్వేనని ఇప్పుడు తెలిసింది. పరమేష్‌ను కాపాడాలనుకుని చెప్పావు, చెప్పినందుకు మెచ్చుకోను. ఈ ఆదివారం చర్చి వదిలాక ఆ మాట ఆడవాళ్లందరికీ చెబుతాను. కృప విషయం సోమవారం లోపల తేల్చు. తేల్చకపోతే నన్ను అడగకు.

లిదియా


మొయినాబాద్,
19 ఫిబ్రవరి 2025

లిదియా అక్కకు,

నీ కార్డు శనివారం వచ్చింది. గేటు దగ్గర ఎంతమంది చదివారో నాకు తెలియదు. నా టేబుల్ మీదికి వచ్చేసరికి దాని మీద చాయ్ మరక ఉంది.

సోమవారం ఏం జరిగిందో నీకు ఈపాటికే చెప్పి ఉంటారు. అయినా నా వైపు నుంచి విను.

జ్యూరీలో ముగ్గురు వచ్చారు. పెద్దామె హైదరాబాద్‌లో ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుందట. యజమాని భార్యతో సహా వచ్చాడు. ఆడవాళ్లకు కొత్త చీరలు ఇచ్చాం. గుండ్రంగా నిలబడ్డారు. మొదట మేరీ ముందుకు రావాలి, అట్లా అనుకున్నాం. మేరీ కదల్లేదు. వెనక నుంచి జంగమ్మ వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు, చీర కూడా ఇవ్వలేదు. కంపోస్టు బురద బూట్లతోనే మధ్యలోకి వచ్చి నిలబడింది.

"నా తప్పు ఒక్కటే సార్. నేను గూడ షెడ్డుల పడిపోయిన. చెప్తే తెల్లారి వ్యాన్ రాదని చెప్పలే."

చప్పట్లు కొట్టాలి కదా, ఎవరూ కొట్టలేదు. ఆమెన్ అన్నారు. అందరూ, ఒకే గొంతుతో. తర్వాత మేరీ వచ్చి తానూ పడిపోయానన్నది. తర్వాత కృష్ణమ్మ. తర్వాత సమత, ఆ పిల్ల చేరి నెల కూడా కాలేదు. ఒక్కొక్కరుగా చివరి మనిషి దాకా. వాళ్లలో కొందరు ఎప్పుడూ పడలేదు అక్కా, నాకు తెలుసు. ప్యాకింగ్‌లో పనిచేసేవాళ్లు షెడ్డులోకే పోరు. వాళ్లు కూడా లేచి పడిపోయామన్నారు. ప్రతి ఒక్కరికీ ఆమెన్.

జ్యూరీ పెద్దామె నా వైపు తిరిగి, ఈ పద్ధతిలో నాయకుడు కూడా తన తప్పు చెబుతాడని అవార్డు దరఖాస్తులో మీరే రాశారు కదా అని అడిగింది. రాశాను. నేను కూడా ప్రతి సోమవారం చెప్పేవాడిని, ఎవరి పుట్టినరోజో మర్చిపోయానని, ఒకసారి మిఠాయి తేవడం ఆలస్యమైందని. ఆమె అడిగినంత మర్యాదగా జంగమ్మ అడగలేదు.

"మీ వంతు సార్. తలుపు ఎవరు తెర్వమన్నరో జర చెప్పుండ్రి."

నోరు పెగల్లేదు. అందరూ నా వైపు చూస్తూ ఆగారు. ఎవరూ నన్ను తొందర పెట్టలేదు. అదే భరించలేకపోయాను. యజమాని కారెక్కి వెళ్లిపోయాడు. అవార్డు మాట ఇక లేదు. నాకు మెమో వచ్చింది.

నువ్వు దగ్గరుండి నేర్పించావు కదా. సొంత తమ్ముడిని ఊరి ఆడవాళ్ల మధ్య అట్లా నిలబెట్టడానికి నీకు మనసెట్లా వచ్చింది? అవ్వ అన్నం ముట్టడం లేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తానంటోంది. ఇప్పుడు తృప్తిగా ఉందా?

బెంగుళూరులో వేరే కంపెనీవాళ్లు ఎప్పటి నుంచో పిలుస్తున్నారు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. పోయే ముందు చేయగలిగింది ఏదైనా ఉంటే చేసి పోతాను. యజమాని కూడా ఇప్పుడు భయపడి ఉన్నాడు, ఏం కావాలో కనుక్కోమన్నాడు. మీకేం కావాలో రాయి.

ప్రేమ్‌చంద్


ముడిమ్యాల,
23 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

తృప్తిగా ఉంది.

దాచుకోను. సోమవారం సాయంత్రం వ్యాన్ దిగి వాళ్లు చెబుతుంటే రెండుసార్లు చెప్పించుకున్నాను. నీ నోరు పెగల్లేదన్న చోట మూడోసారి చెప్పించుకున్నాను. అక్క కదా, జాలి లేదా అని అడుగుతావు. కృప పడిన చోటు నీ షెడ్డు మట్టి. ఆమె ఆ పడటం గురించి చెబుతుంటే వీడియో తీసి పాట పెట్టారు. ఆ పాట విన్న చెవులతో నీ మీద జాలి మాటలు వినలేను.

అవ్వ ఫోన్ చేసింది. క్షమించమంది. అవ్వకు చెప్పిందే నీకూ రాస్తున్నాను. క్షమించాలా వద్దా అని తేల్చాల్సింది పడ్డవాళ్లు. పడేసినవాళ్ల అక్క కాదు, అమ్మ కాదు. వాళ్లు క్షమిస్తే నాకు అభ్యంతరం లేదు. వాళ్ల తరఫున నేను ముందే క్షమించేస్తే అది ఇంకో దొంగతనం.

నేను నేర్పించానన్నావు. అక్కడ కూడా తప్పే. తలుపు తీయించింది నువ్వేనని చెప్పాను, అంతే. ఆదివారం చర్చి మెట్ల మీద వాళ్లు గుంపుగా కూర్చున్నారు, జంగమ్మ, ఇంకొందరు చర్చికి రానివాళ్లు కూడా వచ్చి చేరారు. నేను కూడా కూర్చోబోయాను. కృష్ణమ్మ నన్ను లేపింది.

"టీచరమ్మా, నీకు తమ్ముడు. నువ్వు ఇంటికి పో. మేం చూస్కుంటం."

వచ్చేశాను. ఏం మాట్లాడుకున్నారో ఈ రోజుకీ నాకు చెప్పలేదు.

పడనివాళ్లు కూడా పడ్డామన్నారని ఫిర్యాదు చేస్తున్నావు. దాన్ని అబద్ధం అంటావు నువ్వు. ప్యాకింగ్‌లో ఉన్న మనిషి, షెడ్డు మొహం చూడని మనిషి, తన జీతం తాను పణంగా పెట్టి పక్కమనిషి పడటాన్ని తన మీద వేసుకుంది. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండాలి, టీమ్ కావాలి అని మూడేళ్లు చప్పట్లు కొట్టించావు కదా. వచ్చింది. నీకు వ్యతిరేకంగా వచ్చింది కాబట్టి గుర్తుపట్టలేకపోయావు. వాళ్ల మనసు ఎక్కడుందో తెలుసుకోవాలని కదా సోమవారం సోమవారం నిలబెట్టావు. ఇప్పుడు తెలిసింది. ఏ ట్రైనింగ్‌లోనూ ఇంత స్పష్టంగా చూపించరు.

మధ్యలో నలిగేవాడినన్నావు. నిజమే కావచ్చు. రెండు రాళ్ల మధ్య ఉన్నవాడు పైరాయి వైపు ఒక్కసారైనా మోచెయ్యి ఎత్తాలి. నీ బలమంతా కిందివాళ్ల మీదే ఆనించావు. మీ యజమాని ముందు నీకు మాట రాలేదు, జంగమ్మకు వచ్చింది. నాయకత్వం ఎవరిదో నువ్వే చెప్పు. పుస్తకాల్లో వెతకకు.

ఏం కావాలో రాయమన్నావు. ఆడవాళ్లను అడిగి రాస్తున్నాను. చివరిది ఒక్కటి నాది.

లిదియా

మా డిమాండ్లు:

1. కృప సోమవారం నుంచి గులాబీ షెడ్డులోనే పనిలో ఉండాలి. ఇంట్లో కూర్చోబెట్టిన రోజులన్నిటికీ జీతం ఇవ్వాలి.

2. జంగమ్మ కంపోస్టు నుంచి తిరిగి గులాబీలకు రావాలి. తప్పు ఆమెది కాదని మేనేజరే అందరి ముందు చెప్పాలి.

3. మందు కొట్టిన షెడ్డు తాళం చెవి ఆడవాళ్లు ఎన్నుకున్న మనిషి దగ్గర ఉండాలి. ఆరిందని ఆమె చెప్పాకే తలుపు తెరవాలి. సీజన్ అయినా సరే.

4. కళ్లు తిరిగిన వాళ్లందరికీ చేవెళ్ల దవాఖానలో కంపెనీ ఖర్చుతో పరీక్షలు చేయించాలి. ఫలితం చూసి ఎవరినీ తీసేయకూడదు.

5. కృప వీడియో తీసేయాలి. అదే పేజీలో ఆమెకు క్షమాపణ చెప్పాలి.

6. సోమవారం సాక్ష్యం బంద్. పనివాళ్ల మాట వినాలనుకుంటే వాళ్లు ఎన్నుకున్న కమిటీతో, బల్లకు ఇటూ అటూ కూర్చుని మాట్లాడాలి.

7. ప్రేమ్‌చంద్ రాజీనామా చేయకూడదు. బెంగుళూరు పోకూడదు. పైవన్నీ అయ్యేదాకా అక్కడే ఉండి, వాళ్లందరూ చూస్తుండగా, ఒక్కొక్కటీ తన చేతులతో చేయాలి.